పాత కార్ఖానాను ఇల్లుగా మార్చేటప్పుడు ఏటవాలు కొయ్యను తీసేయవచ్చా?

ప్రశ్న:
నూరేళ్లు దాటిన వడ్రంగి కార్ఖానా ఒకదానిని కొని నివాసంగా మార్చుకుంటున్నాము. బరువంతా మోసేది కలప స్తంభాలూ దూలాలే; వాటి నడుమ గోడలు ఖాళీ పూడ్చడానికి కట్టినవి మాత్రమే. వంటగదికి దారి పెట్టాలనుకున్న చోట రెండు స్తంభాల మధ్య ఏటవాలుగా బిగించిన కొయ్య అడ్డు వస్తోంది. దానిని కోసి తీసేయవచ్చా? మరొక సందేహం: రెండు స్తంభాల అడుగున స్క్రూడ్రైవరుతో గుచ్చితే అంగుళం లోతు దిగుతోంది, పైన రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

జవాబు 1:
కొయ్య జోలికి వెళ్లకండి. రెండు స్తంభాలూ పైదూలమూ నేలతో కలిసి ఒక చతుర్భుజమే అవుతాయి. పక్కనుంచి గాలి తోస్తే అది ఒరుగుతుంది. ఏటవాలు కొయ్య అందులో త్రిభుజాన్ని ఏర్పరచి నిలబెడుతోంది. దారినే పక్క అరలోకి, అంటే ఏటవాలు కొయ్య లేని పక్క స్తంభాల నడుమకు, జరపడం మేలు. అది కుదరకపోతే, నిర్మాణ ఇంజనీరు చెప్పిన చోట కొత్త కొయ్యను బిగించిన తరువాతే పాతదానిని విప్పించండి. భవనం వారసత్వ జాబితాలో ఉంటే ముందుగా అనుమతి కూడా కావాలి.

జవాబు 2:
స్తంభాల విషయానికి వస్తే, గోడ అడుగున ఎవరైనా సిమెంటు పూత వేశారేమో చూడండి. సున్నపు పూత తేమను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది, సిమెంటు మాత్రం దానిని కొయ్యకు ఆనించి బంధిస్తుంది. కలపలో తేమ సుమారు 20 శాతానికి మించి నిలిచిపోతే బూజుజాతి శిలీంధ్రం పట్టి పుచ్చు మొదలవుతుంది. కాబట్టి ముందు నీరు ఎటునుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. ఆపకుండా ఎంత మంచి మందు పూసినా వృథాయే. ఆ తరువాత దూలానికి కింద ఆసరా పెట్టి, పుచ్చినంత మేర కోసి, అదే జాతికి చెందిన బాగా ఆరిన కలపను అతికించవచ్చు. స్తంభం మొత్తం మార్చాలని వడ్రంగి అంటే నేనైతే వెంటనే ఒప్పుకోను.

జవాబు 3:
పాత రంగు వదిలించడానికి ఇసుకను ఊదించే యంత్రం వాడనివ్వకండి. మెత్తని పొరలు కొట్టుకుపోయి, ఉలి గుర్తులతో సహా కొయ్య ముఖమంతా చెరిగిపోతుంది. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ కనుక, పరీక్ష చేయించేవరకు పొడిగా గీకించవద్దు.

ప్రశ్న అడిగినవారు:
మీరు అన్నట్లే సిమెంటు పూతే ఉంది. అరచేయంత పెచ్చు ఊడదీస్తే వెనుక కొయ్య నల్లబడి, చేతికి తడి తగిలింది. దారిని పక్క అరలోకి మారుస్తున్నాము.