మా ఆవిడకి చిన్న పిస్టల్, ఏది మంచిది?

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువుల లెక్కలన్నీ మా ఆవిడే చూస్తుంది, పట్టుబడి రోజుల్లో రాత్రిపూట డబ్బుతో ఒక్కతే కారులో రావాల్సి వస్తోంది. హ్యాండ్‌బ్యాగులో పట్టే పిస్టల్ చెప్పండి. నా లైసెన్సు మీద కొనొచ్చా?

> కుదరదండీ. ఆవిడ పేరునే లైసెన్సు ఉండాలి, పోలీసు ఎంక్వైరీ తప్పదు. 9 ఎంఎం నిషేధిత బోరు (బోరంటే తుపాకీ గొట్టం సైజు), మామూలు జనానికి ఇవ్వరు, ఆశ పెట్టుకోకండి. .32 బోరు చూడండి.

> కాన్పూరు నిర్భీక్ రివాల్వర్ 2014లో ఆడవాళ్ల కోసమే తెచ్చారు, అర కేజీ ఉంటుంది. కానీ తేలిక తుపాకీ పేల్చినప్పుడు చేతిలో గట్టిగా వెనక్కి తంతుంది. పిస్టల్ అయితే స్లైడ్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పైభాగం) ఆవిడ చేతే లాగించి చూడండి, మీరు లాగి బాగుందంటే ఏం లాభం?

> బ్యాగులో తాళాల మధ్య పడేయొద్దు, ట్రిగ్గర్ కప్పే హోల్‌స్టర్ (తుపాకీ తొడుగు) కొనండి. అయినా ఈ రోజుల్లో క్యాష్ ఎందుకండీ బాబూ, బ్యాంకులో వేయమనండి!