మూడు నక్షత్రాలు ఇచ్చిన సమీక్షను తొలగించాలా? స్వతంత్ర ఫాంటసీ రచయితల గురించి ఒక సందేహం

కృష్ణాతీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా నేను ఎక్కువగా ఆంగ్లంలో స్వయంగా ప్రచురించుకునే రచయితల ఫాంటసీ నవలలే చదువుతున్నాను. అమెజాన్ వారి కిండిల్ అన్‌లిమిటెడ్ చందా ఉంది కనుక ఒక్కో పుస్తకానికి విడిగా డబ్బు పెట్టే పని లేదు, అందుకే ఎన్నడూ పేరు వినని రచయిత పుస్తకాన్ని కూడా జంకు లేకుండా మొదలుపెడతాను. ఈ పుస్తకాల్లో దాదాపు ప్రతిదాని చివరి పేజీలోనూ, నచ్చితే రెండు వాక్యాల సమీక్ష రాయమని, తమవంటి వారికి అది ఎంతో మేలు చేస్తుందని ఒక విన్నపం ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ పేజీని చూసీ చూడనట్టు దాటేశాను.

కిందటి నెల మూడు భాగాల నవలలో మొదటిది చదివాను. ఉప్పుమడులే ఖజానాగా బతికే ఒక ద్వీప రాజ్యం, అక్కడ గాలిని కొలిచి అమ్ముకునే మాంత్రికులు, వారికి పన్ను ఎగ్గొట్టే పడవవాళ్లు. కల్పన నిజంగా కొత్తగా ఉంది. అయితే మొదటి నూట యాభై పేజీలు నత్తనడక నడిచాయి, పైగా ఒక పాత్ర పేరు వేర్వేరు అధ్యాయాల్లో రెండు రకాలుగా అచ్చయింది. అనిపించింది అనిపించినట్టు నాలుగు వాక్యాలు రాసి మూడు నక్షత్రాలు ఇచ్చాను. మరునాడు చూసుకుంటే ఆ పుస్తకానికి ఉన్నవి నాదితో కలిపి ఏడే సమీక్షలు, తక్కిన ఆరూ అయిదేసి నక్షత్రాలవి.

పెద్ద సంస్థ వేసిన నవలకు వేల సమీక్షలుంటాయి, అక్కడ నా మూడు నక్షత్రాలు సముద్రంలో కాకిరెట్ట. ఇక్కడ అలా కాదు. పగలు ఉద్యోగం చేసుకుని రాత్రుళ్లు రాసుకునే మనిషి నోటి దగ్గరి ముద్ద లాగేశానేమోనన్న బెంగ పట్టుకుంది. దీన్ని తొలగించడం మంచిదా? అసలు నావంటి మామూలు పాఠకుడి మాట ఈ రచయితలకు ఏ రకంగా పనికివస్తుంది? ఇందులో అనుభవమున్నవారు చెప్పగలరు.

రెండో కూర్పు:

కృష్ణాతీరం గారూ, నేను డాలస్ దగ్గర ఉంటూ ఆంగ్లంలో మూడు ఫాంటసీ నవలలు స్వయంగా ప్రచురించుకున్నవాణ్ణి, కనుక అవతలి గట్టున నిలబడి మాట్లాడుతున్నాను. దయచేసి తొలగించకండి.

ముందుగా డబ్బు సంగతి. కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 జులై నుంచి రచయితకు చదివిన పేజీల లెక్కన చెల్లిస్తున్నారు. పేజీకి అర సెంటు కన్నా తక్కువే వస్తుంది, అయినా మీరు అయిదు వందల పేజీల నవలను చివరిదాకా చదివారంటే రచయితకు రెండు డాలర్లు అటూ ఇటూగా ముట్టినట్టే. అంటే ఆయన ముద్ద మీరు లాగేయలేదు, మీ వంతు వడ్డించారు. ఇక సగటు అంటారా, అమెజాన్ చూపే రేటింగు అన్ని నక్షత్రాలనూ కలిపి భాగించగా వచ్చే మామూలు సగటు కాదు. సమీక్ష ఎంత ఇటీవలిది, కొనుగోలు నిర్ధారితమా కాదా వంటివి కూడా చూసి లెక్కగడతామని వారే చెబుతారు. "యాభై సమీక్షలు దాటితే అమెజాన్ తానే పుస్తకాన్ని మోసుకెళుతుంది" అనే మాట మా రచయితల మధ్య చాలాకాలంగా తిరుగుతోంది. నేనూ నమ్మి, ఆ యాభై కోసం ఒక ఏడాది నిద్ర పాడుచేసుకున్నాను. అలాంటి గీత ఉన్నట్టు ఆ సంస్థ ఎక్కడా ప్రకటించలేదు, దాటాక నాకు ఏ గంటా మోగలేదు.

మరి సమీక్ష దేనికి? ఫాంటసీలో దాని అవసరం తక్కిన సాహిత్యంలో కన్నా ఎక్కువని నా అభిప్రాయం. డిటెక్టివ్ నవల కొనేవారికి ఏం దొరుకుతుందో ముందే కొంత తెలుసు. ఫాంటసీ పాఠకుడు అలా కాక, ఒక కొత్త లోకపు భూగోళం, చరిత్ర, మంత్రవిద్య నియమాలు అన్నీ నేర్చుకుని, ఆ పైన మూడు నాలుగు భాగాలు చదవడానికి సిద్ధపడాలి. అంత శ్రమకు ముందు అతను అడిగేవి చిన్న ప్రశ్నలే: తర్వాతి భాగాలు వచ్చాయా, హింస ఎంత మోతాదులో ఉంది, మంత్రవిద్యకు పద్ధతి ఉందా, నడక నిదానమా వేగమా. వీటికి నేను ముఖచిత్రం కింద ఎంత రాసుకున్నా అది అమ్ముకునేవాడి మాటే. మీరు నత్తనడక అన్నది కొందరిని ఆపుతుంది, నిజమే. అయితే ఆగినవారు ఎలాగూ ఇరవయ్యో పేజీలో పుస్తకం మూసి ఒక నక్షత్రం ఇచ్చేవారు. గాలిని కొలిచి అమ్మే మాంత్రికులు అన్న మాట మరికొందరిని లాక్కొస్తుంది, నన్ను ఇప్పటికే లాగింది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఫాంటసీ రచయిత మార్క్ లారెన్స్ 2015లో స్వీయ ప్రచురణ పుస్తకాలకు ఎస్‌పీఎఫ్‌బీఓ (సెల్ఫ్-పబ్లిష్డ్ ఫాంటసీ బ్లాగ్-ఆఫ్) అనే పోటీ మొదలుపెట్టారు. మూడు వందల పుస్తకాలను పదిమంది బ్లాగర్లకు ముప్ఫయ్యేసి చొప్పున పంచుతారు, ఒక్కొక్కరు ఒక్కోటి ఎంచి తుది పదికి పంపుతారు, ఆ పదింటినీ అందరూ చదివి పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. ప్రవేశ రుసుము లేదు, నగదు బహుమతీ లేదు. రచయితలు పోటీపడేది, సూటిగా చెప్పాలంటే, తమతో ఏ బంధుత్వమూ లేనివారు రాసే సమీక్షల కోసం. జొసయా బాన్‌క్రాఫ్ట్ 2013లో సొంతంగా వేసుకున్న 'సెన్‌లిన్ అసెండ్స్' రెండో విడత పోటీలో తుది పదిలోకి కూడా రాలేదు. కానీ ఆ సందడిలో అది లారెన్స్ చేతికి చేరింది, ఆయన చదివి, పాఠకులు సమీక్షలు రాసుకునే గుడ్‌రీడ్స్ వెబ్‌సైట్‌లో మెచ్చుకుంటూ రాశారు, 2018లో ఆర్బిట్ సంస్థ దాన్ని ప్రచురించింది. మనందరి సమీక్షకూ అంత బలం ఉండదు, రాసినది పేరున్న రచయిత అన్నది మరచిపోకూడదు. కానీ ఓడిన పుస్తకానికి కూడా ఒకరు చదివి రాసిన మాట దారి చూపింది.

వేపచెట్టు నీడ:

పై మిత్రునితో తొలగించవద్దనే వరకు ఏకీభవిస్తాను. కానీ సమీక్షలను మరీ అంత ఎత్తున కూర్చోబెట్టడం నాకు మింగుడుపడలేదు. ఇది మొదటినుంచీ బురద కలిసిన నీరే. డబ్బు తీసుకుని అయిదు నక్షత్రాల పొగడ్తలు టోకున రాసిపెట్టే వ్యాపారం గురించి 2012లోనే న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ప్రతిఫలం తీసుకుని రాసే సమీక్షలను అమెజాన్ 2016 అక్టోబరులో నిషేధించింది, అయితే పుస్తకాల విషయంలో విడుదలకు ముందు ఉచితంగా పంచే ప్రతులకు మినహాయింపు ఉంచింది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నకిలీ సమీక్షలపై తెచ్చిన నియమం 2024 అక్టోబరులో అమలులోకి వచ్చింది. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2022 నవంబరులో ఆన్‌లైన్ సమీక్షలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం ప్రకటించింది, కాకపోతే అది స్వచ్ఛందంగా పాటించవలసినది.

పొగడ్తలొక్కటే కాదు, దెబ్బతీయడానికీ ఇదే ఆయుధం. 2023 డిసెంబరులో ఒక అమెరికన్ తొలి నవలా రచయిత్రి మారుపేర్లతో ఖాతాలు తెరిచి, తనలాగే అప్పుడప్పుడే రంగంలోకి వస్తున్న రచయితల పుస్తకాలకు గుడ్‌రీడ్స్‌లో ఒక్కో నక్షత్రం అంటించినట్టు తేలి, ప్రచురణకర్త ఆమె పుస్తకాన్నే విరమించుకున్నారు. ఆ పుస్తకాల్లో చాలావాటికి అప్పటికి విడుదల తేదీ కూడా రాలేదు.

కనుక నేను నక్షత్రాలను చూడను. సమీక్షలో పుస్తకం రెండో సగానికి చెందిన విషయం ఒక్కటైనా ఉందా అని వెతుకుతాను. ఉచిత నమూనా చదివి రాసినవారికీ, స్నేహం కొద్దీ రాసినవారికీ అక్కడిదాకా తీరిక ఉండదు. మీ నాలుగు వాక్యాల్లో అలాంటిది ఉందా?

మంజీర:

నేను తెలుగులోనే రాస్తాను కనుక నా సంగతి కొంచెం వేరు. కిండిల్‌లో 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు చోటిచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. జానపద ఫాంటసీ రాసుకునే నావంటి వారు చాలామంది ప్రతిలిపి అనే ఆన్‌లైన్ కథల వేదికలో సీరియల్‌గా భాగాలు పెడుతూ వచ్చారు. అక్కడ సమీక్షలకు కొదవ లేదు. "సూపర్ అండీ", "తర్వాతి భాగం ఎప్పుడు మేడమ్", ఒక పువ్వు బొమ్మ, రెండు చప్పట్ల బొమ్మలు. వీటిని చిన్నచూపు చూడను, రాత్రి పదకొండు గంటలకు మరో భాగం పూర్తి చేయించేవి ఇవే. అయితే నా కథ ఎక్కడ కుంటుతోందో వాటివల్ల నాకెప్పుడూ తెలియలేదు.

పద్నాలుగో భాగం పెట్టిన రోజు ఒక పాఠకురాలు, "మూడో భాగంలో శాపం వల్ల మీ యక్షిణి ఏరు దాటజాలదన్నారు, ఇప్పుడు చెరువులో స్నానం చేస్తోంది, ఈ మధ్యలో శాపం తీరిందా?" అని అడిగారు. తీరలేదు, నేనే మరచిపోయాను. రెండు రోజులు తల పట్టుకుని కూర్చుంటే, ఆ శాపం పారే నీటికే తప్ప నిలిచిన నీటికి వర్తించదన్న ఆలోచన వచ్చింది. కథ చివర అదే నన్ను గట్టెక్కించింది. వారపత్రికల సీరియళ్ల కాలంలో పాఠకుల ఉత్తరాల పేజీ చేసిన పని ఇదేనని మా నాన్నగారు అంటారు, కాకపోతే ఆ ఉత్తరం చేరేసరికి మరో రెండు వారాల కథ అచ్చయిపోయేదట.

ఒక తప్పు కూడా ఒప్పుకుంటాను. మొదటి పుస్తకం మరోచోట అమ్మకానికి పెట్టినప్పుడు మా తోడికోడళ్లు, ఆడపడుచులు, వారి పిల్లలు కలిసి ఒకే ఆదివారం పన్నెండు సమీక్షలు రాశారు. అన్నిటిలోనూ "మా వదిన" అనో "మా పిన్ని" అనో ఉంది. వారం తిరగకుండా అన్నీ మాయమయ్యాయి. సొంతవాళ్ల సమీక్షలు చెల్లవన్న నియమం నేను చదువుకోలేదు.

కృష్ణాతీరం:

అందరికీ ధన్యవాదాలు. వేపచెట్టు నీడ గారూ, మీ పరీక్షలో నా సమీక్ష తప్పింది. మొదటి నూట యాభై పేజీల గురించి ఫిర్యాదు చేశానే గాని, ఆ తర్వాతి మూడు వందల పేజీలు నన్ను తెల్లవారుజామున రెండింటిదాకా ఎందుకు కూర్చోబెట్టాయో ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడే చూసి సిగ్గుపడ్డాను. మరొక సందేహం: పాత్ర పేరులోని పొరపాటును సమీక్షలో ఉంచాలా, రచయితకు విడిగా చెప్పాలా?

రెండో కూర్పు:

విడిగా చెప్పండి. ఈ-పుస్తకంలో తప్పు దిద్ది మళ్లీ ఎక్కించడానికి మాకు రెండు మూడు రోజులకు మించి పట్టదు, కానీ మీరు సమీక్షలో రాసిన తప్పు పుస్తకంలో లేకపోయినా సమీక్షలో ఉండిపోతుంది. చివరి పేజీలో సాధారణంగా ఈమెయిల్ చిరునామా ఇస్తారు. నడక గురించిన మాట మాత్రం సమీక్షలోనే ఉంచండి, అది పాఠకులకు చెందినది.

కృష్ణాతీరం:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. రచయితకు ఉత్తరం పంపాను, మరునాడే జవాబు వచ్చింది. ముందస్తు ప్రతులు చదివిన ఆరుగురిలో ఎవరూ ఆ పేరు సంగతి చెప్పలేదట, ఇప్పుడు దిద్దేశారు. నా మూడు నక్షత్రాల గురించి ఆయన ఒక్క మాటా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సమీక్షను ఇలా మార్చాను, నక్షత్రాలు మూడే:

"ఓడరేవు వర్ణనలు మొదటి మూడో వంతును బరువెక్కించాయి, ఓపిక కావాలి. గాలి ధర ఒక్క రాత్రిలో పదింతలు కావడంతో పడవవాళ్లు ఉప్పుమడులకు నిప్పు పెట్టే ఘట్టం నుంచి పుస్తకం చేతిలోంచి దిగదు. యుద్ధాల కన్నా పన్నులు, బేరాలు, చిల్లర ద్రోహాలు ఇష్టపడేవారికి. రక్తపాతం తక్కువ. కథ సగంలోనే ఆగుతుంది, రెండో భాగం వచ్చింది, నేను మొదలుపెట్టాను."