‘డ్రైవింగ్ వైల్ బ్లాక్’: తెలుగులో ఏమందాం?

ప్రశ్న: అమెరికా ట్రాఫిక్ పోలీసుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘డ్రైవింగ్ వైల్ బ్లాక్’ అనే మాట పదేపదే వస్తోంది. ‘వర్ణవివక్షతో కూడిన వాహన తనిఖీ’ అని రాశాను గానీ తృప్తిగా లేదు. పెద్దలు ఓ మాట చెప్పండి.

– తమ్ముడూ, అర్థం వచ్చింది, దెబ్బ తగల్లేదు. అక్కడి చట్టంలో ‘డ్రైవింగ్ వైల్ ఇంటాక్సికేటెడ్’ అని ఓ నేరం ఉంది, మన డ్రంక్ అండ్ డ్రైవ్. అందులో చివరి మాట తీసేసి ‘బ్లాక్’ అని పెట్టారు. కేసు రాసే భాషలోనే పుట్టిన మాట కనుక తెలుగులోనూ చార్జిషీటులో సెక్షన్‌లా వినపడాలి. ‘నల్లవాడై వాహనం నడిపిన నేరం’ అని చూడు.

– మాస్టారూ, మరీ ఘాటుగా లేదూ? వెనక లైటు వెలగకపోతే ఎవరినైనా ఆపుతారు కదా. రంగు చూసే ఆపారని ఎలా తేలుస్తాం?

– అడగాల్సిన ప్రశ్నే. 2016 జులైలో మినసోటాలో ఫిలాండో కాస్టీల్ కారు ఆపినప్పుడు అతనికి చెప్పిన కారణం వెనక లైటే. కానీ ఆపే ముందు ఆ పోలీసు రేడియోలో అన్న మాట రికార్డయింది: డ్రైవరు ముక్కు వెడల్పుగా ఉంది, దోపిడీ కేసులో మనం వెతికేవాడిలా ఉన్నాడని. కాస్టీల్ ఓ బడిలో పిల్లలకు భోజనం పెట్టే క్యాంటీన్ చూసుకునేవాడు. ‘సర్, నా దగ్గర తుపాకీ ఉంది’ అని తనే ముందు చెప్పాడు. లైసెన్సున్న తుపాకీ. కొద్ది సెకన్లలో ఏడుసార్లు కాల్చారు. కారులో స్నేహితురాలు, ఆమె నాలుగేళ్ల పాప ఉన్నారు. మరుసటేడు జ్యూరీ ఆ పోలీసును నిర్దోషి అంది.

పైకి చెప్పే కారణం ఒకటి, మనసులోది ఒకటి అయినా సరే, చిన్న ట్రాఫిక్ తప్పు నిజంగా ఉంటే ఆపడం చెల్లుతుందని అక్కడి సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. ఇక ఏ బండికి వంక దొరకదు చెప్పండి!

ఒక్క ఉదంతం చాలదంటారా, 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు దాదాపు 10 కోట్ల తనిఖీల రికార్డులు పరిశీలించారు. సాయంత్రం ఏడు గంటలకు వేసవిలో వెలుతురుంటుంది, చలికాలంలో చీకటి. గడియారంలో అదే టైము. అయినా చీకటి పడ్డాక, ఆపినవాళ్లలో నల్లవాళ్ల వాటా తగ్గింది. మొహం కనపడనప్పుడు తగ్గిందంటే, కనపడినప్పుడు దేన్ని చూసి ఆపుతున్నట్టు? అందుకే ‘నేరం’ అన్న మాట తీయనివ్వను.

– నేరం ఉంచండి సార్, ‘నల్లవాడై’ దగ్గరే నా పేచీ. శాండ్రా బ్లాండ్ ఆడమనిషి. 2015లో టెక్సస్‌లో సిగ్నల్ వేయకుండా లేన్ మారిందని ఆపారు. సిగరెట్ ఆర్పమంటే, నా కారులో నేనెందుకు ఆర్పాలి అంది. దిగమని, షాక్ గన్ చూపి బెదిరించి అరెస్టు చేశారు. మూడు రోజులకు జైలు గదిలో శవమై కనిపించింది, ఆత్మహత్య అని రాశారు. ఇంగ్లీషు మాటలో ఆడా మగా తేడా లేదు, మన ‘వాడై’లో ఆమెకు చోటేదీ? ‘నల్లవారై’ అనొచ్చు కదా.

– భేషుగ్గా ఉందమ్మా. ‘నల్లవారై వాహనం నడిపిన నేరం’. ఇద్దరికీ సరిపోయింది.

– అందరికీ ధన్యవాదాలు. ఇదే వాడతాను. మొదటిసారి వచ్చినచోట మూలంలోని ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో ఇచ్చి, డ్రంక్ అండ్ డ్రైవ్ సంగతి ఒక్క వాక్యంలో చెప్పేస్తాను.