నా కథల పుస్తకం పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పంచేస్తున్నారు, తీయించే దారి ఎవరికైనా తెలుసా?

పిచ్చుకగూడు:
అందరికీ నమస్తే. పోయినేడాది నా కథలు పుస్తకం వేసుకున్నా, సొంత డబ్బులే, 500 కాపీలు. డీటీపీ, కవరు, ప్రింటింగ్ అన్నీ జీతంలోంచి దాచుకున్నదే. సగం ఇంకా మంచం కిందే ఉన్నాయి. మొన్న ఒకాయన ఫోన్ చేసి మీ రెండో కథకి కళ్లనీళ్లొచ్చాయి మేడమ్ అన్నారు, ఎంత సంతోషమేసిందో, ఎక్కడ కొన్నారండీ అంటే కొనలేదు మేడమ్ గ్రూపులో పీడీఎఫ్ వచ్చింది అన్నారు మామూలుగా. చూస్తే ఫోన్‌తో ఒక్కో పేజీ ఫొటో తీసి కలిపారు, 43వ పేజీలో ఎవరిదో బొటనవేలు కూడా పడింది. అడ్మిన్‌ని అడిగితే ఇది సాహిత్య సేవ అని చెప్పి నన్ను గ్రూపులోంచి తీసేశాడు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా, ఏం చేశారు?

రీలుపెట్టె:
చదువుతుంటే కడుపు మండింది మేడమ్. మాది సినిమా వైపు, నాన్న, నేను ఊళ్లో థియేటర్ లీజుకి నడిపేవాళ్లం. 2013లో అత్తారింటికి దారేది రిలీజుకి ముందే సగం సినిమా బయటికొచ్చేసింది గుర్తుందా, పెడనలో సీడీలు దొరికాయి, అక్టోబర్ 9 అనుకున్నది హడావిడిగా సెప్టెంబర్ 27కే వేసేశారు. జనం పంతం పట్టినట్టు థియేటర్లకొచ్చి నిలబెట్టారు కాబట్టి సరిపోయింది. అదే చిన్న సినిమా అయితే? మేం అడ్వాన్స్ కట్టి తెచ్చిన ఒక చిన్న బొమ్మ శుక్రవారం పడితే శనివారం పొద్దున్నకి ఊళ్లో అందరి ఫోన్లలో ఉంది. ఆదివారం ఫస్ట్ షోకి 14 మంది. ఆ అడ్వాన్స్ ఇప్పటికీ తిరిగి రాలేదు. ఇప్పుడు చట్టమైతే గట్టిగానే ఉంది, 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చాక థియేటర్లో రికార్డ్ చేస్తే కనీసం 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా 3 లక్షల నుంచి మొదలై సినిమా తీయడానికైన ఖర్చులో 5 శాతం దాకా వేయొచ్చు. 2025 నవంబర్‌లో హైదరాబాద్ సైబర్ క్రైమ్ వాళ్లు ఐబొమ్మ అనే పైరసీ సైటు కేసులో ఒకతన్ని అరెస్టు చేసినప్పుడు మా ఎగ్జిబిటర్ల గ్రూపులో పండగే. కింద కామెంట్లలో మాత్రం జనం అతన్నే హీరో అంటున్నారు, టికెట్టు, పాప్‌కార్న్ రేట్లు చూపించి. రేట్ల మీద కోపం నాకూ ఉంది, కానీ ఆ దెబ్బ మా గేటు దగ్గర టికెట్ చింపే మనిషికి కూడా తగులుతుందండీ.

డాలస్‌లో గోదారోడు:
ఒప్పేసుకుంటున్నా, నేనూ పైరసీవి చూశాను. మేం ఇక్కడికొచ్చిన కొత్తలో ఇండియన్ గ్రోసరీ షాపులో పప్పుల పక్కనే డీవీడీలు అద్దెకిచ్చేవాళ్లు, అవి అసలువో కాదో ఒక్కరోజు కూడా అడగలేదు. ఇప్పుడు సినిమాలకి ఓటీటీ ఉంది కాబట్టి మానేశా. పుస్తకాలకే ఇబ్బంది, 150 రూపాయల పుస్తకానికి పోస్టేజీ దానికి పదింతలు. మేడమ్, ఈబుక్ పెట్టండి, నాలాంటి వాళ్లం కొంటాం.

జిరాక్స్ బ్యాచ్:
అన్నింటినీ ఒకే గాటన కట్టొద్దని నా మాట. నేను పీజీ చదివిందే జిరాక్స్ పేజీల మీద, ఒక్కో ఫారిన్ టెక్స్ట్‌బుక్ మా ఇంటి నెల సరుకులంత. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రెస్సులు, ఇంకో పబ్లిషరు కలిసి ఢిల్లీ యూనివర్సిటీలో ఉన్న రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద కేసేశారు, 2016లో హైకోర్టు చదువు చెప్పడం కోసం కోర్స్ ప్యాక్‌లు, అంటే సిలబస్‌లోని పాఠాల జిరాక్స్ కట్టలు, తీస్తే అది తప్పు కాదంది, 2017లో పబ్లిషర్లే కేసు వెనక్కి తీసుకున్నారు. ఆ తీర్పు మాకు అన్నం పెట్టినట్టే. కానీ మేడమ్ పుస్తకం సిలబస్సూ కాదు, కొనలేనంత ధరా కాదు.

పాతపుస్తకాల పిచ్చోణ్ణి:
నేను పుస్తకాలు స్కాన్ చేసి ఆర్కైవ్‌లో పెడుతుంటా, అందుకని ఈ సాహిత్య సేవ అనే మాటకి నాకు ఒళ్లు మండుతుంది. మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, ఎవరైనా వేసుకోవచ్చు. చలం 1979లో, అంటే 2039 ముగిసేదాకా ఆగాల్సిందే. ఈ మధ్యలో మళ్లీ అచ్చు కాకుండా, వారసులెవరో తెలియకుండా చెదలు పట్టిపోతున్నవి బోలెడు, వాటి గురించి నేనెంతసేపైనా వాదిస్తా. బతికున్న మనిషి, పుస్తకం వెనకాల ఫోన్ నంబర్ ఇచ్చింది, ఒక్క ఫోన్ చేసి అడగడానికేమైంది?

నల్లకోటు:
మేడమ్, చేయాల్సింది చెప్తా. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేదని భయపడకండి, అది తప్పనిసరి కాదు, రాయగానే హక్కు మీదే. ఆ గ్రూపున్న యాప్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, పుస్తకం వివరాలు, అది మీదే అనడానికి ఆధారం, లింకులు. కాపీరైట్ రూల్స్ ప్రకారం 36 గంటల్లో అందకుండా ఆపాలి. అయితే మెలిక ఒకటుంది, 21 రోజుల్లో మీరు కోర్టు ఆర్డర్ తేలేకపోతే వాళ్లు మళ్లీ పెట్టేయొచ్చు. 500 కాపీలు వేసుకున్న మనిషి కోర్టు ఖర్చు ఎక్కడ భరిస్తుంది? ఈ రూల్‌లో నాకు నచ్చనిది అదే. దారైతే ఉంది, తన కోచింగ్ మెటీరియల్‌ని టెలిగ్రామ్ ఛానెళ్లలో పంచుతున్నారని ఒక టీచర్ ఢిల్లీ హైకోర్టుకెళ్తే, 2022లో ఆ ఛానెళ్లు నడిపేవాళ్ల వివరాలివ్వమని టెలిగ్రామ్‌కే ఆర్డరేసింది. పేరు దాచుకున్నాం కదా అనుకునే అడ్మిన్లకి అది చూపించండి.

పిచ్చుకగూడు:
అందరికీ చాలా థ్యాంక్సండీ. నల్లకోటు గారు చెప్పినట్టే పంపాను, మూడో రోజుకి ఆ ఫైల్ పోయింది. నిన్న ఇంకో గ్రూపులో తేలింది, ఈసారి కవరు, మొదటి పేజీ తీసేసి, అంటే నా పేరే లేదు. డబ్బుల కన్నా అదే ఎక్కువ బాధేసింది. ఈబుక్ కూడా పనిలో పెట్టాను. ఇంకా ఎక్కడైనా కనిపిస్తే లింకు, గ్రూపు పేరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి, రెండో ఫిర్యాదు శుక్రవారం పంపుతున్నా.