చెరకు చెత్త దున్ని టమాటా పెట్టాను, ఆకులు పసుపు పడుతున్నాయి. వేసిన యూరియా ఏమైంది?

ప్రశ్న: అన్నా, మాది చంద్రగిరి దగ్గర, ఎర్రనేల. చెరకు కొట్టినాక చెత్త కాల్చకుండా రోటవేటర్‌తో నేలలో కలిపేసి పదిహేను రోజులకే టమాటా నారు నాటాను. నెలయింది, కింది ఆకులు పసుపు తిరిగాయి, మొక్క ఎదగడం లేదు. యూరియా వేసినా చలనం లేదు. ఇంకో మూట వేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆగు తమ్ముడూ, ఇప్పుడే మూట విప్పొద్దు. ఒక మొక్క పక్కన జానెడు లోతు తవ్వి చూడు, చెత్త ముక్కల మీద తెల్లటి బూజు దారాలు అల్లుకుని ఉంటే నీ యూరియా చాలావరకు వాటికే పోయింది. చెత్తలో కర్బనం మరీ ఎక్కువ, నత్రజని మరీ తక్కువ. దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా, శిలీంధ్రాలు పెరగాలంటే నత్రజని కావాలి, చెత్తలో చాలకపోతే మట్టిలోంచి లాగేస్తాయి, అదీ వేరుకంటే ముందే. కర్బనం నత్రజనికి సుమారు 25 రెట్లు దాటితే ఇదే జరుగుతుంది. వరిగడ్డిలోనే 50 రెట్లకు పైగా ఉంటుంది, చెరకు చెత్త అంతకంటే మొండిది.

పసుపు కింది ఆకుల్లో మొదలైంది కాబట్టి ఇది నత్రజని కొరతే అనుకుంటున్నా. మొక్క పాత ఆకుల్లోది తీసి చిగురుకు పంపుతుంది. చిగురే పసుపు పడితే ఇనుము సంగతి చూడాలి.

ఇంకొకరు: ఎక్కువ వేస్తే అవీ తిని మొక్కకూ మిగులుతుంది కదన్నా?

జవాబు: మిగిలింది నిలవదు. యూరియా మట్టిలో అమ్మోనియం అవుతుంది, దాన్ని నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియా నైట్రైట్‌గా, మరోరకం నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియంను బంకమన్ను పట్టి ఉంచుతుంది, నైట్రేట్ మాత్రం మన ఇసుకపాలు ఎక్కువున్న నేలల్లో నీళ్లతోపాటు కిందికి దిగిపోతుంది. నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే ఇంకోరకం బాక్టీరియా దాన్నే వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తాయి. అందుకే లీటరుకు 10 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం ఆకుల మీద కొట్టు, వారానికి మళ్లీ ఒకసారి. నేలకు వేసేది కొద్దికొద్దిగా, పదును ఉన్నప్పుడే వెయ్యి.

ప్రశ్న: అయితే చెత్త కాల్చేసి ఉంటే బాగుండేదా అన్నా?

జవాబు: వద్దు నాయనా, కాలిస్తే అందులోని నత్రజని పొగలో పోతుంది. ఇప్పుడు తిన్న జీవులు చచ్చినప్పుడు అదే మళ్లీ అమ్మోనియంగా బయటికొస్తుంది, నీ చేలోనే ఉంటుంది. వచ్చేసారి పశువుల ఎరువు, కాస్త యూరియా చల్లి, తడిపెట్టి, నాటడానికి రెండు నెలల ముందే దున్ను. పది రోజులకు కొత్త ఆకుల ఫోటో పెట్టు, చూస్తాను.