ఆయాసానికి ఇన్‌హేలర్ మొదలుపెడితే ఇక వదలదా?

పల్నాడు అమ్మాయి:
మా అమ్మకు 56 ఏళ్లు. కట్టెల పొయ్యి మీదే ఏళ్ల తరబడి వండింది. ఇప్పుడు ఎప్పుడూ దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టర్ గారు ఊదే పరీక్ష చేయించి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) అన్నారు, రోజూ ఇన్‌హేలర్ వాడమన్నారు. మా మేనమామ ఒప్పుకోవట్లేదు. "అది అలవాటైతే జన్మంతా వదలదు, మాత్రలే వేయించు" అంటున్నాడు. మీరేమంటారు?

గుంటూరు మాస్టారు:
మీ మామయ్య మాటలో నిజం ఉందమ్మా. మా వీధిలో పెద్దాయన ముందు రోజుకు రెండుసార్లు పీల్చేవాడు, ఇప్పుడు ఆరేడుసార్లు. అలవాటు కాక ఇదేమిటి? పైగా ఖర్చు.

ఛాతీ వార్డు నర్సు:
అది అలవాటు కాదు మాస్టారూ, జబ్బు అదుపు తప్పడం. ఆయన దగ్గరున్నది బహుశా సాల్బుటమాల్ అయ్యుంటుంది. అది అప్పటికప్పుడు ఊరటనిస్తుంది, నాలుగైదు గంటల్లో దాని పని అయిపోతుంది. రోజూ వాడాల్సిన మందు వేరు. ఆయన్ని త్వరగా డాక్టర్‌కు చూపించండి.

ఇక మాత్ర సంగతి. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు, ఇన్‌హేలర్ ఒక్క పఫ్ 100 మైక్రోగ్రాములు. ఒక్క మాత్రలో 40 పఫ్‌ల మందు! అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టే చేతులు వణుకుతాయి, గుండె దడ పుడుతుంది. స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

గుంటూరు మాస్టారు:
లెక్క సరే. కానీ ఏ పరీక్షా లేకుండా, దగ్గు అనగానే ఇన్‌హేలర్ రాసేవాళ్లు లేరా? రాసినా, ఎలా పీల్చాలో చూపించేదెవరు? ఆ పెద్దాయన నోట్లో కొట్టుకుని వెంటనే ఊపిరి వదిలేస్తాడు.

ఛాతీ వార్డు నర్సు:
అక్కడ నాదీ మీ మాటే. అలా పీలిస్తే మందంతా గొంతులోనే ఆగిపోతుంది. ఇక పరీక్ష అంటారా, ఊదే పరీక్షలో ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందు పీల్పించాక కూడా, ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చేది 70 శాతం లోపుంటేనే సీఓపీడీ అనాలి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ ఉందేమో కఫం పరీక్షలో చూడాలి.

అమ్మాయి గారూ, అమ్మగారికి స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా) కొనండి. ముందు ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కి, నెమ్మదిగా లోపలికి లాగి, పది సెకన్లు బిగబట్టమనండి. స్టెరాయిడ్ కలిసిన మందైతే తర్వాత నోరు పుక్కిలించాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

పల్నాడు అమ్మాయి:
రిపోర్టులో మందు పీల్చాక 58 శాతం అని ఉంది. స్పేసర్ ఇవాళే తెస్తాను. గ్యాస్ వచ్చినా స్నానాల నీళ్లు మాత్రం అమ్మ ఇంకా కట్టెల మీదే కాస్తోంది.

ఛాతీ వార్డు నర్సు:
ముందు ఆ పొగ మాన్పించండి. పొగలో కూర్చుంటే ఏ ఇన్‌హేలరూ కాపాడలేదు.