క్యామ్రీకి వింటర్ టైర్లు: 18 అంగుళాలా, 17 అంగుళాలా?

ప్రశ్న: కెనడాలోని మాంట్రియాల్‌లో ఉంటున్నాం. కారు 2019 టయోటా క్యామ్రీ ఎస్‌ఈ, టైరు 235/45ఆర్18. డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి కదా, చిన్న రిమ్ములతో వేరే సెట్ కొనాలా? ముందు చక్రాల టైర్లు రెండే మారిస్తే చాలదా?

జవాబు 1: 17 అంగుళాల రిమ్ముకి దిగండి, 215/55ఆర్17 తీసుకోండి. 235/45ఆర్18 అంటే వెడల్పు 235 మి.మీ., సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 18 అంగుళాలు, అంటే 457.2 మి.మీ. టైరు మొత్తం ఎత్తు లెక్క చూడండి: 235×0.45×2 + 457.2 = 668.7 మి.మీ. కొత్తది 215×0.55×2 + 431.8 = 668.3. స్పీడోమీటర్ తేడా లేనట్టే. సైడ్‌వాల్ 106 నుంచి 118 మి.మీ.కి పెరుగుతుంది కాబట్టి గుంతల్లో రిమ్ము వంగే ప్రమాదం తగ్గుతుంది. సన్న టైరు మంచును చీల్చుకుని పోతుంది. రిమ్ము 5×114.3 (114.3 మి.మీ. వృత్తం మీద ఐదు బోల్టు రంధ్రాలు), మధ్య రంధ్రం 60.1 మి.మీ. ఉండాలి. మధ్య రంధ్రం పెద్దదైతే ఆ ఖాళీ నింపే రింగు వేయాలి, లేకపోతే స్టీరింగ్ వణుకుతుంది.

రెండే మార్చడం మాత్రం వద్దండీ. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే, బ్రేక్ వేయగానే వెనక భాగం జారి బండి గుండ్రంగా తిరిగిపోవచ్చు.

జవాబు 2: పై లెక్క సరైనదే. టైరు మీద మూడు శిఖరాల కొండ, మంచురేకు గుర్తు చూసి కొనండి. ఉత్త 'ఎం+ఎస్' (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంటే చాలదు. చక్రాల నట్లు 103 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించి, 100 కి.మీ. తిరిగాక మళ్లీ చూడాలి. ఉష్ణోగ్రత 5–6 డిగ్రీల సెల్సియస్ పడిపోయినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం) తగ్గుతుంది, కొలిచేది టైరు చల్లగా ఉన్నప్పుడే. కొత్త రిమ్ముల్లో గాలి ఒత్తిడిని కొలిచే ప్రెజర్ సెన్సార్లు పెట్టించకపోతే డ్యాష్‌బోర్డు మీద లైటు చలికాలమంతా వెలుగుతూనే ఉంటుంది!